జబ్బు సగం కుక్కలో, సగం పెరట్లో

మీ ఇంట్లో కుక్క ఉందా? లేకపోతే పక్కింట్లోనైనా ఉండే ఉంటుంది. వరంగల్‌లో గిర్మాజీపేటకు వెళ్ళినా, హనుమకొండకు వెళ్ళినా, కాజీపేటకు వెళ్ళినా ఈ దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది. వాకిట్లో ఓ పది పూలకుండీలు, గోడవారగా మందారం, కరివేపాకు చెట్టు, మధ్యన తులసికోట, ఆ నీడలో చల్లటి షాబాదు బండ మీద కాళ్ళు చాపుకొని పడుకున్న ఒక కుక్క.

ఆ కుక్క ఒకరోజు అన్నం ముట్టలేదనుకోండి. గేటు చప్పుడైనా లేవలేదు. పిలిస్తే తోక ఒక్కసారి ఆడించి మళ్ళీ తల వాల్చేసింది. "ఎండలకు సోలిపోయిందిలే" అంటారు నాన్నగారు. "ఎక్కడో ఏదో తిని ఉంటుంది" అంటుంది నాయనమ్మ. మనుషులైతే ఫలానాచోట నొప్పి అని చెప్పుకుంటారు. కుక్క చెప్పుకోలేదు కదా! మనమే వెతకాలి. దాని ఒంటి మీద వెతకడం సరే, అది రోజంతా పడుకునే చోట కూడా వెతకాలి. పెరటికీ కుక్క జబ్బుకీ ఏం సంబంధం అంటారా? రండి, చూద్దాం.

వెతికేముందు ఒక జాగ్రత్త. మీ కుక్కకు ఏటేటా రేబిస్ టీకా వేయించారా? వేయించకపోతే, అది చొంగ కారుస్తూ, మింగలేకపోతూ, వింతగా ప్రవర్తిస్తుంటే దాని నోట్లో వేలు పెట్టవద్దు. దగ్గరికి కూడా పోవద్దు. పెద్దవాళ్ళకు చెప్పి పశువుల డాక్టరును పిలిపించండి. ఈ విషయంలో ధైర్యసాహసాలకు చోటు లేదు.

ఇక జ్వరం సంగతి. ముక్కు తడిగా, చల్లగా ఉంటే జ్వరం లేనట్టే అని చాలామంది అనుకుంటారు. నిద్ర లేచిన కుక్క ముక్కు ఆరిపోయి ఉంటుంది, నీళ్ళు తాగి వచ్చిన దాని ముక్కు తడిగా ఉంటుంది. అంతకు మించి ముక్కు చెప్పేదేమీ లేదు. చేత్తో తాకి చూడటమూ మోసమే. మన ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ అయితే, ఆరోగ్యంగా ఉన్న కుక్క వేడి 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే మంచి కుక్క కూడా మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. థర్మామీటరు ఒక్కటే నిజం చెబుతుంది, దాన్ని డాక్టరో, అలవాటున్న పెద్దవాళ్ళో పెట్టాలి.

నాన్నగారి అనుమానం తీసిపారేయదగ్గది కాదు. మే నెలలో వరంగల్ ఎండ 42, 43 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ఎక్కువగా అరిపాదాల్లోనే ఉంటాయి. అందుకే అది నాలుక వేలాడేసి రొప్పి, ఆ తడి ఆవిరి కావడం వల్ల ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. గాలి ఆడని చోట కట్టేసిన కుక్కకు ఎండదెబ్బ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. కాని ఎండదెబ్బ గంటల్లో తేలిపోయే వ్యవహారం. మన కుక్క నాలుగు రోజులుగా మెల్లమెల్లగా డీలా పడుతోంది.

నాయనమ్మ అనుమానం ఇంకా ముఖ్యమైనది. వాకిట్లోని మొక్కల్ని ఒకసారి పేరుపేరునా చూడండి. పూజకు కోసుకునే గన్నేరు ఉందా? ఎర్రగన్నేరు అయినా, పచ్చగన్నేరు అయినా ఆకు, పువ్వు, కాయ, పాలు అన్నీ విషమే. అందులోని పదార్థాలు నేరుగా గుండె మీద పనిచేసి, దాని లయను తప్పిస్తాయి. ఎండిన ఆకుల్లో కూడా విషం పోదు. మనీప్లాంట్ ఆకును, చేమ ఆకును కుక్కపిల్ల కొరికితే నోరంతా మండి చొంగ కారుతుంది. వాటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉండి నాలుకకు గుచ్చుకుంటాయి. సరిగ్గా ఉడకని చేమదుంప తిన్నప్పుడు మీ గొంతు దురద పెట్టిందే, అదే కారణం.

మొక్కల కంటే మోసకారి ఒకటుంది, కుండీలో వేసే ఎరువు. ఆముదాలను గానుగాడి నూనె తీశాక మిగిలే పిండిని మొక్కలకు ఎరువుగా వేస్తారు. ఆముదపు గింజల్లో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అది నూనెలోకి పోదు, పిండిలోనే ఉండిపోతుంది. వేడి చేసి విషం విరిచిన పిండి కాకపోతే, కుక్క కుండీ తవ్వి దాన్ని తిన్నదంటే వాంతులు, రక్తవిరేచనాలు పట్టుకుంటాయి. పిండి వాసన కుక్కలకు ఇష్టం కావడమే చిక్కు. కుక్క ఉన్న ఇంట్లో ఆముదపు పిండి వేయకపోవడమే మేలని నా అభిప్రాయం. బాగా చివికిన పశువుల ఎరువు ఎటూ ఉంది కదా.

మన కుక్క వాంతి చేసుకోలేదు, కుండీలూ తవ్వలేదు. ఇక దాని చెవులు వెనక్కి మడిచి చూడండి. కాలివేళ్ళ మధ్య సందుల్లో చూడండి. మెడపట్టీ కింద చూడండి. గోధుమరంగులో చదునుగా, నువ్వుగింజంత పురుగులు కనిపిస్తున్నాయా? వాటి మధ్య బూడిదరంగులో గుండ్రంగా ఉబ్బినవి కూడా ఒకటీ రెండూ ఉన్నాయా? అవే పిడుదులు. కొన్నిచోట్ల గోమార్లు అని కూడా అంటారు.

ఉబ్బిన పిడుదును చూస్తే మీకేం గుర్తుకొస్తుంది? అచ్చం ఆముదపు గింజ! ఈ పోలిక మనకే కాదు, పూర్వం రోమనులకూ తట్టింది. లాటిన్ భాషలో 'రిసినస్' అంటే పిడుదు. గింజ పిడుదులా ఉందనే ఆముదపు చెట్టుకు ఆ పేరు వచ్చింది. నేటికీ దాని శాస్త్రీయ నామం రిసినస్ కమ్యూనిసే. ఇందాక చెప్పిన రిసిన్ అనే మాట కూడా అక్కడ పుట్టిందే.

పిడుదును పురుగు అన్నాను గాని, అది కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్ళుంటాయని మీరు చదువుకున్నారు. పెద్ద పిడుదుకు ఎనిమిది. అది సాలెపురుగుకూ తేలుకూ చుట్టం. అయితే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు మాత్రం ఆరు కాళ్ళే ఉంటాయి. భూతద్దం ఉంటే లెక్కపెట్టి చూడండి, కాని వట్టి చేత్తో పట్టుకోవద్దు.

కుక్కల మీద మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే గోధుమరంగు పిడుదు పేరు రైపిసెఫాలస్ సాంగ్వినియస్. దాని బతుకు చిత్రమైనది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కుక్కనెక్కి, కొన్నాళ్ళు రక్తం తాగి, కిందికి రాలిపోతుంది. ఏ గోడ పగుల్లోనో దూరి చర్మం విడిచి ఎనిమిది కాళ్ళదవుతుంది. మళ్ళీ కుక్కనెక్కుతుంది, తాగుతుంది, రాలుతుంది, మళ్ళీ చర్మం విడుస్తుంది. మూడోసారి ఎక్కినప్పుడు ఆడపిడుదు ఆముదపు గింజలా ఉబ్బేదాకా తాగి, రాలి, గోడ సందులో నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. వేడి వాతావరణంలో ఈ కథంతా రెండు మూడు నెలల్లో ముగిసి, కొత్తది మొదలవుతుంది.

ఇక్కడ మీ లెక్కల తెలివి కాస్త వాడండి. నాలుగు వేల గుడ్లలో నూటికి ఒక్కటే బతికి పెద్దదైందనుకుందాం. 40 పిడుదులు. అందులో సగం ఆడవి అనుకుంటే 20. అవి పెట్టే గుడ్లు 80 వేలు! మొదట కుక్క మీద మనం చూసింది ఒక్క పిడుదునే.

ఇంకో సంగతి గమనించారా? ఈ జీవి తన బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద గడపదు. మూడుసార్లు భోజనానికి మాత్రమే వస్తుంది. మిగిలిన కాలమంతా షాబాదు బండల సందుల్లో, గ్రానైటు రాతిగోడ పగుళ్ళలో, కుండీ అడుగున, కుక్క పడుకునే గోనెపట్టా మడతల్లో ఉంటుంది. ఆకలికి ఎంత ఓర్చుకుంటుందంటే, పెద్ద పిడుదు ఏమీ తినకుండా ఏడాదికి పైగా బతకగలదు! వేసవి సెలవులకు ఇల్లు తాళం పెట్టి కుక్కతో సహా ఊరెళ్ళి వస్తే పిడుదులు చచ్చిపోతాయనుకోవడం భ్రమ. అవి మన కోసం కాచుకొని ఉంటాయి. కుక్క దగ్గరికి రాగానే దాని ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ, ఒంటి వేడినీ ముందుకాళ్ళ మీదున్న ఒక చిన్న గుంట లాంటి అవయవంతో పసిగడతాయి. కళ్ళతో పెద్దగా పనిలేదు.

రక్తం తాగినందుకే అయితే పిడుదును క్షమించవచ్చు. అది పుచ్చుకుని ఊరుకోదు, ఇచ్చి కూడా పోతుంది.

ఒంటి మీద వాలే చిన్న ప్రాణి జబ్బును మోసుకొస్తుందని మొట్టమొదట రుజువైన రోగాల్లో పిడుదుది పెద్దపీట. అమెరికాలో దక్షిణాది నుంచి ఉత్తరానికి తోలుకొచ్చిన పశువులు ఆరోగ్యంగానే ఉండేవి గాని, అవి మేసిన బీళ్ళలో మేసిన ఉత్తరాది పశువులు చచ్చిపోయేవి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్‌బోర్న్ అనే ఇద్దరు కొన్ని పశువుల ఒంటి మీది పిడుదుల్ని చేత్తో ఏరించి చూశారు. పిడుదులు లేని మందతో కలిసి ఉన్నవాటికి జబ్బు రాలేదు! 1893లో వాళ్ళు దాన్ని ప్రకటించారు. ఆ తరవాత నాలుగేళ్ళకే, 1897 ఆగస్టు 20న, మనకు దగ్గర్లోని సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రాస్ పేరు మనందరికీ తెలుసు. పాపం, కిల్‌బోర్న్ పేరు ఎంతమందికి తెలుసు?

కుక్కల సంగతికి వద్దాం. 1935లో అల్జీరియాలోని పాస్టర్ సంస్థలో పిడుదులు పట్టిన కుక్కలు కొన్ని జ్వరంతో, రక్తహీనతతో చిక్కిపోయాయి. డొనాషియన్, లెస్తోకార్ అనే శాస్త్రజ్ఞులు వాటి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, తెల్లరక్తకణాల లోపల కాపురమున్న బాక్టీరియాను కనిపెట్టారు. తరవాత దానికి ఎర్లికియా కేనిస్ అని పేరు పెట్టారు. కణాలకు రంగులద్ది చూసే విద్యకు దారి వేసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ గౌరవార్థం పెట్టిన పేరది. ముప్పై ఏళ్ళకు పైగా ఇది కుక్కల డాక్టర్లకు తప్ప ఎవరికీ పట్టలేదు. 1960ల చివర్లో వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకెళ్ళిన కుక్కలు వందకు పైగా ముక్కు నుంచి రక్తం కారి చనిపోయాయి. వాటిలో ఎక్కువ జర్మన్ షెపర్డ్‌లు, అంటే మనవాళ్ళు అల్సేషియన్ అని పిలుచుకునేవి. అప్పుడు గాని ప్రపంచం కళ్ళు తెరవలేదు.

ముక్కు నుంచి రక్తం ఎందుకు కారుతుంది? మన రక్తంలో లాగే కుక్క రక్తంలోనూ రక్తఫలకికలు ఉంటాయి. గాయమైనచోట గుమిగూడి రక్తం కారకుండా అడ్డుకునేవి ఇవే. ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు రెండు నుంచి ఐదు లక్షల దాకా ఉండాలి. ఎర్లికియా సోకితే ఇవి బాగా తగ్గిపోతాయి. ఎక్కువగా వీటిని నాశనం చేసేది బాక్టీరియా కాదు, దాన్ని ఎదుర్కోబోయి గురి తప్పిన కుక్క సొంత రక్షణ వ్యవస్థే! అందుకే చిగుళ్ళు పాలిపోతాయి, పొట్ట కింద చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, ఒక్కోసారి ముక్కు కారుతుంది.

ఈ జబ్బులో దొంగ ఎత్తు ఒకటుంది. పిడుదు కుట్టిన రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తుంది. కొన్నాళ్ళకు, మందు వేయకపోయినా, తగ్గినట్టే ఉంటుంది. కుక్క లేచి తిరుగుతుంది, "చూశావా, ఊరికే భయపడ్డాం" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కాని బాక్టీరియా లోపలే దాగి ఉండవచ్చు, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి. చివరికి ఎముకల్లోని మూలుగనే దెబ్బతీస్తే, ఇక కొత్త రక్తకణాలు తయారు కావు. అప్పుడు వైద్యం చాలా కష్టం. జ్వరం మొదటిసారి వచ్చినప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలని డాక్టర్లు పోరేది ఇందుకే.

పశువుల ఆసుపత్రి ప్రతి జిల్లాలోనూ ఉంది. వరంగల్ పక్కన మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాలే ఉంది. డాక్టరు కుక్క రక్తం ఒక చుక్క తీసి, గాజుపలక మీద పలచగా పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అదృష్టం బాగుంటే తెల్లరక్తకణంలో ఊదారంగు గుత్తి కనిపిస్తుంది. దాన్ని మొరూలా అంటారు, లాటిన్‌లో చిన్న మల్బరీ పండు అని అర్థం. చాలాసార్లు అది దొరకదు కాబట్టి వేరే పరీక్షలూ చేస్తారు. ఎర్రరక్తకణాల్లో ఇంకో అతిథి కనిపించవచ్చు, దాని పేరు బేబీసియా. అందులో ఒక జాతిని 1910లో ప్యాటన్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసులోని వేటకుక్కల రక్తంలోనే మొదట వర్ణించాడు. మూడోది మరీ విడ్డూరం. హెపటోజూన్ అనే పరాన్నజీవిని 1905లో మన దేశంలోనే కుక్కల రక్తంలో గుర్తించారు. అది పిడుదు కుడితే రాదు, దురద పుట్టి కుక్క తన ఒంటి మీది పిడుదును కొరికి మింగితే వస్తుంది! ఒక్కో జబ్బుకు మందు ఒక్కో రకం.

ఎర్లికియా అయితే డాక్సీసైక్లిన్ అనే మందు వేస్తారు, మామూలుగా నాలుగు వారాలు. వేళకు మొదలుపెడితే రెండు మూడు రోజుల్లోనే కుక్క తోక ఆడిస్తుంది. అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. ఆపకూడదు. ఇంట్లో మనుషులకు తెచ్చిన జ్వరం మాత్రల్ని కుక్కకు వేయవద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కకు విషం కావచ్చు.

ఇప్పుడు మళ్ళీ వాకిట్లోకి రండి. ఎర్లికియా పిడుదు గుడ్లలోకి పోదు. అంటే ప్రతి పిడుదుపిల్లా నిర్దోషిగానే పుడుతుంది. జబ్బు ఉన్న కుక్క రక్తం తాగాక, ఆ క్రిమి చర్మం విడిచిన తరవాత కూడా దాని ఒంట్లోనే ఉంటుంది. మన కుక్క జ్వరంతో నాలుగు రోజులు మందారం కింద పడుకుందే, ఆ నాలుగు రోజుల్లో తాగి రాలిన చిన్నచిన్న పిడుదులు క్రిమిని మోసుకొని గోడ పగుళ్ళలోకి చేరిపోయాయన్నమాట. కుక్క కోలుకొని వచ్చి అదే బండ మీద పడుకుంటుంది. ఈ జబ్బుకు టీకా లేదు. ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్ళీ రాకుండానూ ఉండదు. కాబట్టి వైద్యం వాకిలికి కూడా చేయాలి.

పిడుదుల కోసం అందరూ నేల మీద, గడ్డిలో వెతుకుతారు. ఈ జాతి పిడుదుకు పైకి పాకే అలవాటుంది. గోడ మీది పగుళ్ళు, తలుపు చట్రం పైభాగం, కుండీల వెనక, తులసికోట అంచులు చూడండి. పగుళ్ళను సిమెంటుతో పూడ్పించండి. కుండీలను గోడకు ఆనించకుండా ఇటుకల మీదికి ఎత్తి, జానెడు దూరం జరపండి. కుక్క పరుపును బాగా మరిగిన నీళ్ళలో వేసి, వరంగల్ ఎండలో ఆరేయండి, మన ఎండ ఒక్కసారైనా మంచికి పనికొస్తుంది. మందు చల్లడం మాత్రం డాక్టరు చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళు చేయాలి. కరివేపాకు మీద, తులసి మీద పడకూడదు. పిల్లి కూడా ఉన్న ఇల్లయితే ముందే చెప్పండి, కుక్కకు సరిపడే పెర్మెత్రిన్ లాంటి మందు పిల్లి ప్రాణం తీస్తుంది.

ఒంటి మీది పిడుదును తీసేటప్పుడు పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకొని, తిప్పకుండా నిటారుగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరసనాయిలు పోయడం వద్దు. వేళ్ళతో చిదమడం అసలే వద్దు, పిడుదుల వల్ల మనుషులకూ జ్వరాలు వస్తాయి. సబ్బునీళ్ళలో వేస్తే సరి. పొగాకు నీళ్ళు పూసే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది. పొగాకులోని నికొటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది, పిడుదు కంటే ముందు కుక్కే పడిపోతుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే చూపుకే ముప్పు. పిడుదులు పట్టకుండా ఒంటికి వేసే మందు చుక్కలు, మాత్రలు ఇప్పుడు మంచివి వచ్చాయి, డాక్టరునడిగి వేయించండి. పిడుదు కుట్టిన కొన్ని గంటల్లోనే క్రిమి ఒంట్లోకి చేరవచ్చు కాబట్టి, రోజూ ఏరేయడం ఒక్కటే చాలదు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, కుక్క ఎంత తిన్నది, చిగుళ్ళ రంగు, మందు వేసిన వేళ, ఆ రోజు దొరికిన పిడుదులు ఎన్ని, అవి దొరికిన చోటు అందులో రాయండి. చిన్నవెన్ని, ఉబ్బినవెన్ని అని విడిగా రాస్తే మరీ మంచిది. ఉబ్బినది ఒకటి గోడ మీద దొరికిందంటే అక్కడెక్కడో గుడ్లు పెట్టబోతోందని అర్థం. మళ్ళీసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి. మందు నాలుగు వారాలకు అయిపోతుంది గాని లెక్క ఆపవద్దు. సున్నా వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు, ముఖ్యంగా తొలకరి పడ్డాక, ఆ పగుళ్ళన్నీ చూస్తూనే ఉండండి.